ఇడుపు కాయితం రాసుకుంటే పెళ్లి తెగిపోదు

నమస్తే. ఈరోజు రెండో పెళ్లి గురించి మాట్లాడుకుందాం. మన నల్గొండలో, పాలమూరులో ఇది ఎట్లా జరుగుతుందో అందరం చూస్తున్నదే. మొగుడూ పెళ్లాలకు పడదు. పెద్దమనుషులు కూర్చుంటారు. బాండ్ పేపర్ మీద ఇడుపు కాయితం రాసి, ఇద్దరితో సంతకాలు పెట్టిస్తారు. కట్నంలో ఎంతో కొంత తిరిగి ఇప్పిస్తారు. కొన్నాళ్లకే అబ్బాయికి ఇంకో సంబంధం చూస్తారు. అడిగితే 'విడాకులు అయిపోయినయ్ కదా' అంటారు.

కాలేదండీ. కోర్టు డిక్రీ, అంటే విడాకుల తీర్పు ఇవ్వాలి. నోటరీ చేయించినా అంతే. 'మా కులంలో ఆచారం ఉంది' అని కొందరు వాదిస్తారు. ఆచారం ప్రకారం తీసుకున్న విడాకులను హిందూ వివాహ చట్టం కాదనదు, నిజమే. కానీ ఆ ఆచారం తరతరాలుగా నడుస్తోందని కోర్టులో నిరూపించాలి. అది అంత తేలిక కాదు.

ఇంకో మాట కూడా వింటుంటాం, మొదటి భార్యే ఒప్పుకుని సంతకం పెట్టిందని. పిల్లలు పుట్టలేదని, మగపిల్లాడు కావాలని, బతిమాలో బెదిరించో పెట్టించుకునే సంతకం అది. ఇది వింటే నాకు చాలా బాధేస్తుంది. ఆ సంతకంతో రెండో పెళ్లి చెల్లుబాటు కాదు. భార్య గానీ భర్త గానీ బతికుండగా, విడాకులు లేకుండా చేసుకున్న పెళ్లి మొదటి నుంచీ చెల్లదని 1955 నాటి ఈ హిందూ వివాహ చట్టమే చెబుతోంది. ఇది మగవాళ్లకే కాదు, ఆడవాళ్లకూ వర్తిస్తుంది. ఎస్టీల విషయం వేరు. కేంద్రం ప్రత్యేకంగా నోటిఫై చేస్తే తప్ప ఈ చట్టం వాళ్లకు వర్తించదు. దేవరకొండ వైపు తండాల వాళ్లు ముందు వకీలును అడగాలి.

శిక్ష సంగతి. పాత ఐపీసీ బదులు వచ్చిన భారతీయ న్యాయ సంహిత 82వ సెక్షన్ కింద ఏడేళ్ల దాకా జైలు, జరిమానా. మొదటి పెళ్లి దాచిపెట్టి చేసుకుంటే పదేళ్ల దాకా. అయితే చాలా కేసులు ఇక్కడే వీగిపోతాయి. ఇద్దరూ ఒకే ఇంట్లో ఉంటున్నారంటే చాలదు. రెండో పెళ్లి తంతుతో జరిగిందని చూపించాలి. చెర్వుగట్టు మీదనో, మన్నెంకొండ మీదనో గుట్టుగా చేసుకుంటే ఎవరు సాక్ష్యం చెబుతారు? అందుకే ఫోటోలు, వీడియోలు, పెళ్లి కార్డు, చేయించిన అయ్యగారి పేరు, అక్కడున్న వాళ్ల పేర్లు, ఏది దొరికినా ముందే జాగ్రత్త చేసుకోండి. గొడవ ముదిరాక ఇవేవీ దొరకవు.

ఫిర్యాదు మేజిస్ట్రేట్ దగ్గర వేయాలి. భార్య తరఫున అమ్మానాన్నలు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, కొడుకు, కూతురు, మేనమామ, మేనత్త, చిన్నాన్న కూడా వేయొచ్చు. ఆమె ఒక్కతే కోర్టు మెట్లెక్కలేకపోతే మీరు నిలబడండి.

మరి, పెళ్లయిందని తెలియక మోసపోయిన రెండో అమ్మాయి? ఆమె కూడా బాధితురాలే, ఆమె కూడా ఫిర్యాదు చేయొచ్చని 2011లో సుప్రీంకోర్టు చెప్పింది. అది మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన కేసే. మొదటి పెళ్లి దాచి చేసుకున్నవాడు ఆమెకు మనోవర్తి, అంటే భరణం ఎగ్గొట్టలేడని 2013లో తీర్పిచ్చింది. 2025 జనవరిలో తెలంగాణ కేసు ఒకటి వచ్చింది. అందులో భార్య మొదటి భర్తతో కాగితం రాసుకుని విడిపోయింది, కోర్టు విడాకులు లేవు. ఆ సంగతి తెలిసే రెండో భర్త చేసుకున్నాడు. ఆమెకు మనోవర్తి ఇవ్వాల్సిందే అంది సుప్రీంకోర్టు.

పిల్లలదేం తప్పు లేదు, చట్టం కూడా అదే అంటుంది. పెళ్లి చెల్లకపోయినా వాళ్లు సక్రమ సంతానమే. తల్లిదండ్రుల ఆస్తిలో వాళ్లకు హక్కుంది. ఉమ్మడి ఆస్తిలో తండ్రి వంతుకు వచ్చేదాంట్లో కూడా ఉంటుందని 2023 సెప్టెంబరులో సుప్రీంకోర్టు తేల్చింది.

వకీలు ఫీజు ఎక్కడి నుంచి తేవాలని ఆగకండి. ఆదాయం ఎంతున్నా ఆడవాళ్లకు ఉచితంగా వకీలును పెట్టాలని 1987 నాటి చట్టం ఉంది. నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లా కోర్టుల్లో న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసులుంటాయి. ఫోన్‌లో అయితే 15100.