ఏఐ వస్తే చేతిపని ఏమైపోతుంది? (అనుకున్నాం గానీ మిర్చి యార్డులోనే ఉండిపోయాం)

కిశోర్: నమస్కారం. బెజవాడ నుంచి నేను, గుంటూరు నుంచి సుజాతక్క. ఈసారి పాడ్‌కాస్ట్ రికార్డింగులో మోత రాకుండా ఫ్యాను ఆపేశాం, దాని గురించి మెసేజులు పెట్టకండి.

సుజాత: గ్రైండరు గురించి కూడా.

కిశోర్: గ్రైండరు ఊసెత్తకు. ఇవాళ సబ్జెక్టు... ఏఐ కాలంలో ఏళ్ళ తరబడి నేర్చిన పనికి విలువుంటుందా? నాలుగు పాయింట్లు రాసుకొచ్చా.

సుజాత: మొదటిది మీ మావయ్య స్క్రూడ్రైవరేగా?

కిశోర్: ...అవును.

(నవ్వులు)

కిశోర్: వినక్కా. ఆటోనగర్లో లారీలు బాగుచేసే మావయ్య స్క్రూడ్రైవర్ మొన ఇంజను మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, "మూడో ఇంజెక్టర్ పోయింది" అనేవాడు. 2020 ఏప్రిల్లో బీఎస్-6 అని బళ్ళ పొగకి కొత్త రూల్సు వచ్చాక అంతా స్కానరే. కోడ్ వస్తుంది, సెన్సార్ మారుస్తారు, మూడోరోజు బండి మళ్ళీ వస్తుంది. పోయింది సెన్సార్ కాదు, వైరు ఒరుసుకుపోయింది!

సుజాత: మా నాన్నదీ అదే కథ. ఎగుమతి వ్యాపారి దగ్గర మిర్చి కాయ నాణ్యత చూసేవాడుగా.

కిశోర్: చెప్పు. రెండో పాయింట్ డాక్టర్లు, తర్వాత చూద్దాం.

సుజాత: టిక్కీలో, అంటే మిర్చి బస్తాలో, పైనున్న కాయ అసలు చూడడు. పైన అందరూ మంచిదే పెడతారు. మోచేతి దాకా లోపలికి దోపి, మధ్యలోంచి గుప్పెడు తీస్తాడు. చెవి దగ్గర ఆడిస్తాడు. ఆరిన కాయైతే గింజ గలగలమంటుంది. పదునుంటే, అంటే తేమ ఉంటే, నొక్కినప్పుడు మెత్తగా అలాగే ఉండిపోతుంది. తర్వాత వాసన. కొత్త కాయా, కోల్డ్ స్టోరేజీలో పడుకున్న కాయా అన్నది ముక్కే చెప్పాలి. తేజా రకానికీ 334 రకానికీ ధర వేరు, తాలు, అంటే రంగు పోయిన కాయ, కలిస్తే ఇంకో ధర. ఇదంతా అర నిమిషంలో.

కిశోర్: బాగానే ఉంది గానీ, రైతు పక్కన నిలబడి చూడు. మీ నాన్న గుప్పిట్లో ఏం దొరికిందో రైతుకెలా తెలుస్తుంది? "పదునుంది" అంటే ఉన్నట్టేనా? మిషన్లో అంకె వస్తే ఇద్దరికీ కనబడుతుంది.

సుజాత: అంకెకి శాంపిల్ తీసేది ఎవరు? పైనుంచి తీస్తే?

కిశోర్: 2016లో ఈ-నామ్ అని ఆన్‌లైన్ మార్కెట్ ఎందుకు పెట్టారు? ఎక్కడో కూర్చున్నవాడు కూడా తెర మీద ధర వెయ్యాలని. వాడు మీ నాన్న చేతిని చూసి వేస్తాడా, ల్యాబు లెక్క చూసి వేస్తాడా?

సుజాత: మరి లారీ ఓనరుకి మీ మావయ్య చెవి కనబడిందా? అప్పుడేమో "అబ్బ, ఏం పనితనం!" మిర్చి దగ్గరికొచ్చేసరికి మిషను కావాలా?

కిశోర్: ...మావయ్య లారీ ఓనరు మనిషి. మీ నాన్న కొనేవాడి మనిషి.

సుజాత: (కాస్త ఆగి) అది నిజమే. నాన్న కూడా ఒప్పుకునేవాడు. "నా చెయ్యి నాది, జీతం షావుకారుది" అనేవాడు.

కిశోర్: కోపమొచ్చిందా అక్కా?

సుజాత: లేదులే. మే నెల యార్డుకి సెలవులిస్తారు కదా, ఆ నెలంతా వంటింట్లో డబ్బా తీసి కాయ విరిచి, అమ్మకి క్లాసు పీకేవాడు. అమ్మ విసుక్కునేది. 2021లో కరోనా వచ్చి వాసన పోయింది. నెలలు గడిచినా రాలా. షావుకారు రమ్మన్నాడు గానీ, "సగం చూసి ధర చెప్పలేను" అని నాన్నే మానేశాడు.

కిశోర్: ఎవరికీ నేర్పలేదా?

సుజాత: మా తమ్ముణ్ణి తీసుకెళ్ళాడు. వాడు రెండ్రోజులు తుమ్మి వచ్చేశాడు. మూడు సీజన్లు టిక్కీల్లో చెయ్యి పెడితేగానీ రాదన్నాడు నాన్న. ఇప్పుడు అన్ని సీజన్లు చెయ్యి పెట్టనిచ్చేదెవరు? తేలికవన్నీ మిషను చూసేస్తే కుర్రాడు దేని మీద నేర్చుకుంటాడు?

కిశోర్: మావయ్య దగ్గర కుర్రాళ్ళదీ ఇదే గొడవ. ఆ స్క్రూడ్రైవర్...

సుజాత: మళ్ళీనా!

కిశోర్: ఇంకా మూడు పాయింట్లున్నాయక్కా. డాక్టర్లు, అనువాదాలు...

సుజాత: కరెంటు పోయిందిరా. లైటు చూడు.

కిశోర్: రికార్డవుతోందా? బ్యాటరీ ఎంతుంది?