ఎపిసోడ్ 31: అరగంట బ్రేకు, ఒక ఎర్ర చెట్టు

అక్క: నమస్తే అందరికీ. ఈసారి పెట్టుకున్న విషయం, పని మధ్యలో అరగంట బయటికెళ్ళి చెట్లూ పిట్టలూ చూసి రావడం. మాఘం చివరికొచ్చింది, ఆలస్యం చేయకూడదు.

తమ్మి: శివరాత్రికి చలి శివశివా అంటూ పోతదంటరు గదా. లెక్కకైతే ఉగాది దాకా శిశిరమే. ఇటు వేప ఆకు రాలుస్తుంటది, అటు మోదుగ పూస్తది. రెండూ ఒకే వారంలో, ఒకే రోడ్డు మీద.

అక్క: ముందు టైము చెప్పు.

తమ్మి: టైము: మన గడియారం 82.5 డిగ్రీల రేఖాంశానిది, హైదరాబాద్ ఉన్నది 78.5 దగ్గర. నాలుగు డిగ్రీలకు 16 నిమిషాలు. ఫిబ్రవరిలో సూర్యుడే గడియారం కన్నా వెనకుంటడు, ఆ లెక్కన ఇంకో 14 కలుస్తయి. అంటే సూర్యుడు అన్నిటికన్నా పైకొచ్చేది 12కి కాదు, 12:30కి. ఒంటిగంట లంచ్ బ్రేకుల పోతే ఎండ గట్టిగ ఉంటది. పొద్దున 11 చాయ్ బ్రేకే మంచిది. పూలల్ల తేనె ఉంటది, పిట్టలు ఇంకా తిరుగుతుంటయి.

అక్క: అరగంటలో లిఫ్టుకీ గేటుకీ పోనూ మిగిలేది ఇరవై రెండు నిమిషాలు. చెట్టు 400 మీటర్ల లోపల ఉండాలి, మామూలు నడకకి ఐదు నిమిషాలు. కొత్తగూడ బొటానికల్ గార్డెన్, దుర్గం చెరువు గట్టు బాగుంటాయి గానీ పక్కనే ఆఫీసు ఉన్నవాళ్ళకే. కేబీఆర్ పార్కు మధ్యాహ్నం పూట లెక్కలోకి తీసుకోకండి, లోపలికి పంపరు. ఇక బూట్లు...

తమ్మి: బూట్ల కన్నా ముందు ఆ ఫొటో సంగతి చెప్పు. ఒకరు పంపిండ్రు గదా, ‘మోదుగ దొరికింది’ అని.

అక్క: అది మోదుగ కాదు, బూరుగ.

తమ్మి: దూరం నుంచి తీసిన్రక్కా. ఆకు లేదు, చెట్టు నిండా ఎరుపు. ఎవరైనా అట్లనే అనుకుంటరు.

అక్క: దూరం నుంచి చూసి పేరు పెట్టకూడదనే కదా ముప్పై ఎపిసోడ్లుగా చెప్తున్నాను. నేలచూపులు! ముందు కింద చూడాలి, తర్వాతే పైకి. చెట్టు పేరు నేల మీదే పడి ఉంటుంది.

తమ్మి: నేను ఒప్పుకోను. దూరం నుంచి కూడా తెలుస్తది. బూరుగ మాను నిటారుగా పోతది, కొమ్మలు ఒక్క చోట నుంచి చుట్టూ అడ్డంగా, అంతస్తులు అంతస్తులుగా వస్తయి. మోదుగ వంకరటింకరగా ఉంటది, ఏ కొమ్మ ఎటు పోతదో చెప్పలేం. రంగు కూడా, బూరుగది ముదురు ఎరుపు, మోదుగది నారింజ నిప్పు.

అక్క: కొమ్మలు కొట్టేసిన చెట్టయితే? కరెంటు తీగల కింద ఉన్న బూరుగకి అంతస్తులెక్కడివి?

తమ్మి: అప్పుడు మాను మీద ముళ్ళు చూడాలె. శంకువుల్లాగ, అడుగున వెడల్పు, కొన మొన.

అక్క: ముదిరిన చెట్టుకి కింది భాగంలో ముళ్ళు అరిగిపోతాయి. అందుకే రాలిన పువ్వు తీసుకో అంటున్నాను. బూరుగ పువ్వు అరచెయ్యంత. ఐదు రేకులు, తోలులా మందం, గోటితో నొక్కితే అక్కడే గోధుమరంగు మచ్చ పడుతుంది. కేసరాలు గుత్తులు గుత్తులుగా, పుల్లల్లా గట్టిగా ఉంటాయి. పడేటప్పుడు రేకు రేకుగా రాలదు, మొత్తం ఒకే ముద్దగా పడుతుంది. కింద నిలబడితే చప్పుడు వినిపిస్తుంది. తిప్పి చూడు, అడుగున తడి, తడిలో చీమలు. ఆ తడి కోసమే పైన గోరువంకలు, కాకులు, తేనెపిట్టలు, ఉడతలు.

తమ్మి: మరి మోదుగ?

అక్క: వేలంత పువ్వు. ఒక రేకు వెనక్కి విరిగి ఉంటుంది, ఒకటి చిలుక ముక్కులా వంగి ఉంటుంది. తొడిమ దగ్గర నల్లటి మఖమల్ గిన్నె. రేకు మీద సన్నటి నూగు, ఎండకి పట్టి చూస్తే వెండిలా మెరుస్తుంది. ఆకు దొరికితే ఇంకేం అక్కర్లేదు, మూడే మూడు, నడిమిది పెద్దది. విస్తరి కుట్టే ఆకు. బూరుగకి ఒకే కాడ నుంచి ఐదో ఏడో, చెయ్యి చాపినట్టు.

తమ్మి: సరే, నేల గెలిచింది. కానీ నా మాట కూడా వినాలె. ఇరవై రెండు నిమిషాలు ఒక్క చెట్టు కిందనే నిలబడితే అది నడకెట్లయితది? పొద్దుటి నుంచి కుర్చీల ఉన్న కాళ్ళు.

అక్క: ఐదు నిమిషాలు పోవడం, ఐదు రావడం. అది చాలు. మిగతా పన్నెండు నిలబడాలి. నడుస్తూ చూస్తే పిట్ట ఎగిరిపోయిందనే తెలుస్తుంది. నిలబడితే కాసేపటికి తిరిగొస్తుంది.

తమ్మి: (కొంచెం ఆగి) ఆ ఫొటోల ఇంకోటి ఉందక్కా. సిమెంటు.

అక్క: చూశాను. మానుకి ఆనించి పోశారు, చుట్టూ జానెడు మట్టి కూడా లేదు. వేళ్ళకి నీళ్ళు దిగవు, గాలి అందదు. మాను లావయ్యే కొద్దీ ఆ అంచు బెరడులోకి దిగుతుంది. చెట్టు ఈ ఏడు పూసింది కదా అని బాగుందనుకోకూడదు. ఆఫీసు ఆవరణలోదైతే నిర్వహణ వాళ్ళకి రాయండి, కనీసం గజం మేర పగలగొట్టి మట్టి తెరవమని. వేళ్ళు తెగకుండా, చేత్తో.

తమ్మి: రాయాలె. నిజంగ రాయాలె.

అక్క: బూట్లు. నున్నటి తోలు అడుగున్నవి వద్దు, రాతి మీద ఎండాకు పడితే జారుతుంది. పల్చటి చెప్పులూ వద్దు, పల్లేరు కాయ గుచ్చుకుంటుంది. బయల్దేరే ముందే ఒక గ్లాసు నీళ్ళు తాగండి.

తమ్మి: సెంటు కొట్టుకోవద్దు. పెద్ద తేనెపట్టు బిల్డింగుల సజ్జాల కిందా బండల కిందా ఉంటది, దాని కింద నిలబడొద్దు. ఈగలు లేస్తే చేతులు ఊపొద్దు, మొహం కప్పుకొని తిన్నగ లోపలికి పోవాలె. కుడితే ముల్లు వెంటనే గీకి తీసెయ్యాలె.

అక్క: మోదుగ దొరకని వాళ్ళు కానుగ చూడండి, ప్రతి రోడ్డుకీ ఉంది. కింద ఎండాకు మీద వేళ్ళలా లేచిన బుడిపెలుంటాయి. రోగమనుకుంటారు, కంటికి ఆనని మైట్ అనే నల్లి చేసిన ఇళ్ళు అవి. మళ్ళీ నేలచూపులే!

తమ్మి: ఆ గులాబి రంగు చెట్టు సంగతేంది? రోడ్డు పొడుగునా పెట్టిన్రు.

అక్క: టబెబుయా. అమెరికా ఖండం చెట్టు. చెర్రీ కాదు, ఫొటో కింద చెర్రీ అని రాయకండి. గంటలా ఉన్న పువ్వు ఎత్తి చూస్తే తెలిసిపోతుంది.

తమ్మి: బండలున్న దిక్కు కొండగోగు కూడా ఇప్పుడే. ఆకు ఉండదు, పసుపు పూలు. సరే, హోలీ రంగు అడిగిన్రు మస్తుమంది.

అక్క: రాలిన మోదుగ పూలే. కొమ్మ విరవద్దు, విరిస్తే కాయ ఉండదు. నల్ల గిన్నె తీసేసి రేకులు మాత్రం, రెండు గుప్పెళ్ళు, లీటరు నీళ్ళు. పావుగంట మరిగించి రాత్రంతా ఉంచి వడగట్టాలి. పసుపు రంగు వస్తుంది.

తమ్మి: నారింజ కావాలంటే?

అక్క: సున్నం, శనగగింజంత.

తమ్మి: లీటరుకా?

అక్క: లీటరుకే. అది బట్టకి మాత్రం. ఒంటి మీద చల్లేదానిలో సున్నం వద్దు, కళ్ళల్లో పడితే...

తమ్మి: అక్కా, పదకొండయ్యింది.

అక్క: పద.