ఎండాకాలం పికప్ టైర్లలో గాలి తగ్గిస్తున్నారా?

మార్చి దాటిందంటే చాలు, నల్లగొండ నుంచి జడ్చర్ల దాకా ఏ పంక్చర్ దుకాణం ముందు నిలబడినా ఒకటే మాట. "అన్నా, ఎండలు ముదిరాయి. పది పాయింట్లు తగ్గించి కొట్టు, లేకపోతే పేలుతుంది." పాయింటు అంటే పీఎస్‌ఐ, గాలి ఒత్తిడి కొలత. దుకాణం అతను కూడా, అదేదో శాస్త్రంలో రాసి ఉన్నట్టు, తల ఊపి తగ్గించి కొడతాడు. ఇద్దరూ ఎంతో జాగ్రత్తపడ్డామని అనుకుంటారు. నిజానికి టైరు పేలడానికి కావలసిన ఏర్పాటు అప్పుడే పూర్తయింది.

ఈ మాట వినీ వినీ నాకు విసుగొచ్చింది. అందుకే ఈ వీడియో. కారు గురించి కాదు, స్కూటర్ గురించి కాదు. వెనక టన్ను, టన్నున్నర బరువు మోసే పికప్ గురించి.

(చేతిలో జానెడు తీగ చూపిస్తూ)

ఇది బైండింగ్ తీగ. స్లాబు పని జరిగే ఏ ఇంటి దగ్గరైనా దొరుకుతుంది. దీన్ని ఒకే చోట అటూ ఇటూ వంచుతున్నాను, చూడండి. గబగబా వంచుతున్నాను. ఇప్పుడు వంచిన చోట వేలు పెడితే చురుక్కుమంటోంది. ఎండలో పెట్టలేదు, మంట చూపించలేదు. ఈ వేడి వంచడం వల్ల పుట్టింది. ఇంకాస్త వంచితే తెగుతుంది. ఇదిగో, తెగింది.

టైరులో జరిగేది కూడా ఇదే. బండి బరువుకు టైరు అడుగు భాగం నేల దగ్గర నలుగుతుంది, పక్క గోడలు ఉబ్బుతాయి. ఆ భాగం పైకి వెళ్లగానే మళ్లీ మామూలు ఆకారానికి వస్తుంది. తిరిగి కిందికి వస్తుంది, తిరిగి నలుగుతుంది. రబ్బరును వంచడానికి ఎంత శక్తి పట్టిందో, అది తిరిగి నిటారుగా అయ్యేటప్పుడు అంతా వెనక్కి ఇవ్వదు. కొంత తన దగ్గరే ఉంచుకుంటుంది. ఆ ఉంచుకున్నదే వేడి.

ఇది ఎన్నిసార్లు జరుగుతుందో లెక్క వేద్దాం. నల్లగొండ దగ్గరి తోటలో ఎండాకాలం కాపు బత్తాయి నింపుకుని, నార్కట్‌పల్లి దగ్గర 65వ జాతీయ రహదారి ఎక్కి, బాటసింగారం పండ్ల మార్కెట్‌కు వెళ్లే పికప్‌ను తీసుకోండి. టైరు సైజు 195/80 ఆర్15 అనుకుందాం. దాని చుట్టుకొలత దాదాపు 2.2 మీటర్లు. అంటే కిలోమీటరుకు 460 చుట్లు. దారి ఎనభై కిలోమీటర్లయితే దాదాపు 37 వేల చుట్లు. టైరులో ప్రతి భాగం ఒక్క ప్రయాణంలో 37 వేల సార్లు వంగి లేస్తుంది. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో అది సెకనుకు పది సార్లు. నేను ఇక్కడ చేత్తో తీగను వంచింది సెకనుకు రెండుసార్లు కూడా ఉండదు.

తీగ ఎంత త్వరగా వేడెక్కుతుంది అనేది మూడింటిని బట్టి ఉంటుంది. ఎంత లోతుగా వంచుతున్నాం, ఎంత వేగంగా వంచుతున్నాం, ఎన్నిసార్లు వంచుతున్నాం. బండికి వస్తే దూరం మన చేతిలో లేదు, మార్కెట్ ఎక్కడుందో అక్కడికి పోవాల్సిందే. వేగం సగం మన చేతిలో ఉంది, సగం వేలంపాట సమయం చేతిలో ఉంది. మిగిలింది వంపు. ఆ వంపును నిర్ణయించేవి రెండే, మీరు వేసిన బరువు, మీరు కొట్టించిన గాలి. పది పాయింట్లు తగ్గించారంటే తీగను ఇంకాస్త లోతుగా వంచమని మీరే చెప్పినట్టు. అది కూడా తారు రోడ్డు కాలిపోతున్న మధ్యాహ్నం, పుట్టిన వేడి బయటికి పోవడానికి చోటు లేనప్పుడు.

తీగకూ టైరుకూ ఒక తేడా ఉంది, అది కూడా చెప్పాలి. తీగ మన కళ్ల ముందే తెగుతుంది. టైరులో రబ్బరు పొరల మధ్య, ఉక్కు తీగల బెల్టుల అంచుల దగ్గర పట్టు వదులుతుంది. బయటికి ఏమీ కనిపించదు. ఇవాళ గాలి తక్కువతో తిరిగిన టైరు ఇవాళే పేలాలని లేదు. నెల తర్వాత, గాలి సరిగ్గా ఉన్న రోజున పేలవచ్చు. అప్పుడు "చూశావా, గాలి ఎక్కువ కొట్టించాం, పేలింది" అంటారు. ఈ అపోహ ఇన్నేళ్లు బతికింది ఇందువల్లే.

సరే, మరి వేడికి గాలి ఒత్తిడి పెరగదా? పెరుగుతుంది. ఎవరూ కాదనలేదు. ఉదయం 28 డిగ్రీల దగ్గర 65 పాయింట్లు పెట్టారనుకోండి. ఎండలో పరుగెత్తి టైరు లోపలి గాలి 65 డిగ్రీలకు చేరితే గేజీ దాదాపు 75 చూపిస్తుంది. పది పాయింట్లు పెరిగింది. చాలామంది ఇక్కడే బెంబేలెత్తిపోతారు. కానీ టైరు చేసిన కంపెనీకి ఎండాకాలం ఉంటుందని తెలియదా? చల్లగా ఉన్నప్పుడు ఇంత ఉండాలని వాళ్లు చెప్పే అంకెలో ఈ పెరుగుదల లెక్క ముందే కలిసి ఉంటుంది. దెబ్బ తినని, ముసలిది కాని టైరు, పనిచేసే ఒత్తిడికి రెట్టింపు పైన తట్టుకునేలా తయారవుతుంది. పది పాయింట్లకు పేలేదైతే దాన్ని ఎవరూ అమ్మలేరు.

ఇంకో సంగతి. వేడికి ఒత్తిడి పెరిగితే టైరు గట్టిపడుతుంది. గట్టిపడితే వంపు తగ్గుతుంది. వంపు తగ్గితే కొత్తగా పుట్టే వేడి తగ్గుతుంది. టైరు తనను తాను కాపాడుకునే పద్ధతి అది. మధ్యలో చౌటుప్పల్ దగ్గర టీ కోసం ఆగి, టైరు మీద చెయ్యి వేసి, "అబ్బో కాలిపోతోంది" అని వాల్వు నొక్కి గాలి తీసేవాళ్లున్నారు. వాళ్లను చూస్తే నాకు నిజంగా భయమేస్తుంది. తీగను సెకనుకు పది సార్లు వంచుతూ, చల్లబడాలని ఇంకా లోతుగా వంచడం అది.

ఇదంతా నా సొంత సిద్ధాంతం అనుకోవద్దు. 2000 ఆగస్టులో అమెరికాలో ఫైర్‌స్టోన్ కంపెనీ 65 లక్షల టైర్లను వెనక్కి పిలిపించింది. వాటిలో ఎక్కువ భాగం ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ బండ్లకు వేసినవి. ఆ బండి పుట్టుకే రేంజర్ అనే పికప్ నుంచి. రోడ్డు మీద పోతుండగానే టైరు పైపొర ఊడిపోయి బండ్లు బోల్తా పడ్డాయి, రెండు వందల మందికి పైగా చనిపోయారు. టెక్సస్, ఫ్లోరిడా, అరిజోనా లాంటి వేడి రాష్ట్రాలలోనే ఈ ప్రమాదాలు ఎక్కువ. ఫోర్డ్ సిఫార్సు చేసిన గాలి 26 పాయింట్లు. అది చాలదు, 30 ఉండాలని టైరు కంపెనీ వాదించింది. టైరే సరిగా తయారు కాలేదని ఫోర్డ్ వాదించింది. ప్రభుత్వ విచారణలో టైరు బెల్టుల దగ్గర లోపం ఉందని తేలింది, కాబట్టి నెపమంతా గాలి మీదే వేయలేం. కానీ ఎండ, బరువు, వేగం, తక్కువ గాలి కలిస్తే బలహీనమైన టైరు గతి ఏమవుతుందో అక్కడ అందరూ చూశారు. అదే ఏడాది అక్కడ చట్టం వచ్చింది. ఆ చట్టం వల్లే తర్వాత కొత్త కార్లన్నింటికీ గాలి తగ్గితే డ్యాష్‌బోర్డులో దీపం వెలిగే ఏర్పాటు తప్పనిసరి అయింది.

ఇక అసలు ప్రశ్న. ఎంత కొట్టించాలి?

డ్రైవర్ తలుపు తెరవండి. తలుపు మూసుకునే స్తంభం మీద స్టిక్కర్ ఉంటుంది. అక్కడ లేకపోతే బండితో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. ముందు టైర్లకు ఒక అంకె, వెనక టైర్లకు ఒక అంకె, కొన్ని బండ్లకు ఖాళీకి ఒకటి, లోడుకు ఒకటి. కిలోపాస్కల్‌లో ఉంటే గాబరా పడకండి. 450 అని ఉంటే 65 పాయింట్లు. చదరపు సెంటీమీటరుకు కిలోల లెక్కలో ఉంటే 14.2తో గుణించండి.

టైరు పక్క గోడ మీద కూడా ఒక అంకె ఉంటుంది కదా, అది చూసి కొట్టించేవాళ్లు ఇంకో రకం. ఆ అంకె టైరుది, మీ బండిది కాదు. ఆ టైరు తాను మోయగలిగిన గరిష్ఠ బరువు మోయాలంటే అంత గాలి కావాలని చెబుతుంది. అదే టైరు ఇంకో పది రకాల బండ్లకు వేస్తారు. మీ బండి ముందు భాగం ఎంత బరువు, వెనక ఎంత అనేది టైరుకు ఎలా తెలుస్తుంది?

అక్కడే 106/104 లాంటి జత కనిపిస్తే అది గాలి కాదు, బరువు కోడ్. 106 అంటే ఒక్కో టైరు 950 కిలోలు. 104 అంటే 900, అది వెనక జంట టైర్లు వేసే బండ్లకు. ఇది ఎందుకు చెబుతున్నానంటే, అదనంగా రెండు కమాన్ పట్టీలు (బండి కింద బరువు ఆపే స్ప్రింగు పట్టీలు) వేయించి "ఇక రెండు టన్నులు ఎత్తినా ఫర్వాలేదు" అనుకునేవాళ్లు మన దగ్గర చాలామంది. కమాన్ పట్టీ బండిని వంగకుండా ఆపుతుంది. టైరు కోడ్‌ను మార్చదు. ఎంత గాలి కొట్టినా మార్చదు. ఎక్కువ గాలి కొట్టి ఎక్కువ బరువు వేయడం కూడా దారి కాదు.

బరువు మోసేది రబ్బరు అనుకుంటారు, నిజానికి చాలావరకు గాలే మోస్తుంది. ఒక టైరు మీద 800 కిలోలు ఉన్నాయనుకోండి. 65 పాయింట్లంటే చదరపు సెంటీమీటరుకు సుమారు 4.6 కిలోలు. భాగిస్తే దాదాపు 175 చదరపు సెంటీమీటర్లు. నేలకు ఆనేది అంతే. గాలి 50కి తగ్గితే అది సుమారు 228 అవుతుంది. ఆ పెరిగిన 50 చదరపు సెంటీమీటర్లు ఎక్కడి నుంచి వచ్చాయి? టైరు ఇంకాస్త నలిగితేనే కదా. మళ్లీ మన తీగ దగ్గరికే వచ్చాం.

ఎప్పుడు కొలవాలి? చల్లగా ఉన్నప్పుడు. అంటే బండి కనీసం మూడు గంటలు నీడలో నిలిచి ఉండాలి, లేదా కిలోమీటరున్నర మించి నడవకూడదు. ఎండ ఒక వైపే పడుతుంటే ఆ వైపు టైర్లు రెండు మూడు పాయింట్లు ఎక్కువ చూపిస్తాయి, దానికి మోసపోవద్దు.

"మా ఊరికి పంక్చర్ దుకాణం ఎనిమిది కిలోమీటర్లు, పోయేలోపే టైరు వేడెక్కుతుంది" అంటారా? న్యాయమైన ప్రశ్న. దానికి చిన్న కిటుకు ఉంది. సొంత గేజీ ఒకటి కొనుక్కోండి, ఒక పూట డీజిల్ ఖర్చు కూడా కాదు. పొద్దున ఇంటి దగ్గరే కొలవండి. 58 ఉంది, కావలసింది 65, తక్కువైంది ఏడు. దుకాణం దగ్గరికి వెళ్లాక వేడికి అదే టైరు 62 చూపిస్తుంది. అప్పుడు 65 దగ్గర ఆపకండి. 62కి ఏడు కలిపి 69 దగ్గర ఆపండి. రేపు పొద్దున చూస్తే 65 దగ్గరగా ఉంటుంది. దుకాణం గేజీ నేల మీద ఎన్నిసార్లు పడిందో ఎవరికి తెలుసు? కాబట్టి అక్కడ కూడా మీ గేజీతోనే చూడండి.

ఇంటి దగ్గర కొలిస్తే కావలసిన దానిలో ఐదో వంతు కంటే ఎక్కువ తగ్గి ఉందనుకోండి, అంటే 65 ఉండాల్సిన చోట 52 కంటే తక్కువ. గాలి కొట్టించి లోడు ఎత్తేయకండి. ఆ గాలితో ఇప్పటికే ఎంత దూరం తిరిగిందో తెలియదు. రిమ్ నుంచి విప్పించి లోపలి గోడలు చూపించండి. నల్లటి రబ్బరు పొడి రాలితే ఆ టైరు పని అయిపోయినట్టే.

ఖాళీగా తిరిగి వచ్చేటప్పుడు సంగతి వేరు. వెనక 65 పెట్టి ఖాళీ బండి నడిపితే వెనక భాగం ఎగిరెగిరి పడుతుంది. టైరు నడుము మాత్రమే నేలకు ఆనుతుంది, బ్రేకు వేస్తే జారుతుంది. తొలకరి చినుకులు పడిన రోడ్డు మీద మరీ ప్రమాదం. స్టిక్కర్ మీద ఖాళీ అంకె విడిగా ఉండి, వారం రోజులు లోడు లేకపోతే దించుకోండి. పొద్దున లోడు, సాయంత్రం ఖాళీ అయితే లోడు అంకె దగ్గరే ఉంచి, ఖాళీగా వచ్చేటప్పుడు నెమ్మదిగా రండి. రోజూ రెండుసార్లు గాలి మార్చమని చెప్పే పెద్దమనిషి ఎప్పుడూ పికప్ నడిపి ఉండడు.

వీడియో పొడవు పెరిగిపోయింది, మిగతావి గబగబా చెబుతాను. గ్రిప్పు మధ్యలో అరిగితే గాలి ఎక్కువ, రెండు అంచులూ అరిగితే తక్కువ, ఒక్క అంచే అరిగితే అలైన్‌మెంట్ చూపించండి. నైట్రోజన్ మంచిదే, చెడ్డది కాదు, కానీ మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది. డబ్బులిచ్చి కొట్టించినా నెలకోసారి కొలవక తప్పదు. టైరు సైజు గానీ ప్లై (టైరు బలం చెప్పే పొరల లెక్క) గానీ మార్చి ఉంటే స్టిక్కర్ అంకె మీకు పనికిరాదు, టైరు కంపెనీ డీలర్ దగ్గర బరువు పట్టిక అడగండి. టైరు వయసు పక్క గోడ మీద నాలుగంకెల్లో ఉంటుంది. 2319 అంటే 2019లో ఇరవై మూడో వారం. వాల్వుకు మూత పెట్టండి, మన దుమ్ముకు వాల్వు లోపలి పిన్ను త్వరగా పాడవుతుంది.

స్టెప్నీని ఎవరూ చూడరు. దానికి వెనక లోడు టైరు అంకెకు సరిపడా గాలి పెట్టించి ఉంచండి. అవసరమైతే ముందుకు వేసినప్పుడు తగ్గించుకోవచ్చు. దారి మధ్యలో ఎక్కించుకోవడమే కష్టం.