నా కంచంలో సగం అన్నం

వేదిక మీదున్న పాస్టరు గారికి, సంఘ పెద్దలకు, స్త్రీల సమాజం వారికి, పొద్దున్నుంచి పొయ్యి దగ్గరే ఉన్న వంటవాళ్ళకి ప్రభువు నామంలో వందనాలు. పేరుపేరునా చెబితే నాకిచ్చిన టైము అక్కడే అయిపోతుంది. ఒక్క పేరు మరిచిపోతే ఆయన క్రిస్మస్ దాకా నాతో మాట్లాడడు. కాబట్టి అందరికీ కలిపి ఒకటే వందనం.

"యౌవనస్థులపై తోటివారి ఒత్తిడి" గురించి మాట్లాడమని చీటీ మీద రాసిచ్చారు. కింద సెల్‌ఫోన్, మందు, చెడు స్నేహాలు అని కూడా ఉంది. ఇవి మీకు ప్రతి ఏడూ ఎవరో ఒకరు చెబుతూనే ఉన్నారు. మీరు వెనక బెంచీలో ఫోను చూసుకుంటూ వింటూనే ఉన్నారు. ముప్పై నాలుగేళ్ళు లెక్కలు చెప్పినవాణ్ణి, వెనక బెంచీ సంగతి నాకు తెలీదా? నా సంగతి ఒకటి చెబుతాను, వినండి.

1977లో గుంటూరులో హాస్టల్లో ఉండి చదువుకుంటున్నాను. ఒక శనివారం మా నాన్న ఊరి నుంచి వచ్చాడు. మెస్సులో నాకెదురుగా బెంచీ మీద కూర్చున్నాడు. పప్పు, గోంగూర పచ్చడి. తలగుడ్డ విప్పి ఒళ్ళో పెట్టుకుని, కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టాడు. మా నాన్నకి ఉన్నది ఒకటే గొంతు, పొలంలో అవతలి గట్టు మీదున్న మనిషిని పిలిచే గొంతు. మెస్సంతా తిరిగి చూసింది. ఎవరూ నవ్వలేదు, ఎవరూ ఒక్క మాట అనలేదు. ఇది గుర్తుపెట్టుకోండి, ఒక్క మాట కూడా అనలేదు. నేను అన్నం కలుపుకుని తినడం మొదలుపెట్టాను.

ఆయన అన్నం కోసం స్తోత్రం చెప్పాడు, వండినవాళ్ళ కోసం చెప్పాడు, పంతుళ్ళ కోసం చెప్పాడు. "నా కొడుకు యాకోబును దీవించు తండ్రీ" అన్నాడు. హాస్టల్ రిజిస్టర్లో నా పేరు అది కాదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు క్రైస్తవుడైతే ఎస్సీ కాదంది. అప్పట్నుంచి మన ఇళ్ళలో చాలామందికి చర్చిలో ఒక పేరు, బడిలో ఒక పేరు. ఆ గొడవ ఇంకో సభకి సరిపోతుంది, ఇప్పుడు వదిలేద్దాం.

ఆమేన్ అని కళ్ళు తెరిచి నా కంచం చూశాడు. సగం అన్నం అయిపోయింది. "ఆకలేసిందా?" అన్నాడు. అంతే.

యేసు శిష్యుడు పేతురు చలిమంట దగ్గర ఆయన్ని ఎరగనని బొంకిన సంగతి సండే స్కూలు పిల్లలకి కూడా తెలుసు. అక్కడ కనీసం ఒక పనిమనిషి అడిగింది, పేతురు గలిలయ యాసను పట్టుకుని పక్కవాళ్ళు నిలదీశారు. నన్ను ఎవరడిగారు?

అయితే పేతురు తడబడింది ఆ ఒక్కసారే కాదు. పౌలు రాసిన గలతీ పత్రిక రెండో అధ్యాయం తీయండి. అంతియొకయలో పేతురు అన్యజనులతో, అంటే యూదులు పక్కన కూర్చుని తినని పరాయివాళ్ళతో, కలిసి భోంచేస్తున్నాడు. యెరూషలేము నుంచి, అక్కడి సంఘ పెద్ద యాకోబు దగ్గర్నుంచి కొందరు వచ్చారు. వాళ్ళని చూడగానే పేతురు మెల్లగా ఆ బంతి నుంచి లేచి పక్కకి వెళ్ళాడు. బర్నబా అంతటివాడు కూడా ఆయన వెనకాలే పోయాడు. వచ్చినవాళ్ళు రోమా సైనికులా? తాగుబోతులా? సంఘస్థులు! మనలాంటి పెద్దలు! పౌలు అందరి ముందే ముఖాముఖి అడిగేశాడు.

ఒంగోలులో అమెరికా మిషనరీ క్లౌ దొర గారికీ ఇదే ఎదురైంది. 1866లో వచ్చాడు. మాదిగలు బాప్తిస్మానికి వస్తే, వాళ్ళని చేర్చుకుంటే మేం రామని పెద్ద కులాలవాళ్ళు అన్నారు. బడిలో పిల్లల్ని కూడా మాన్పించారు. దొర ఒక గదిలో, దొరసాని ఇంకో గదిలో బైబిలు తెరిస్తే ఇద్దరికీ కొరింథీ మొదటి పత్రిక మొదటి అధ్యాయమే వచ్చిందట, దేవుడు ఘనుల్ని కాదు, నీచుల్ని ఏర్పరచుకున్నాడనే చోటు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. మా ముత్తాత ఆ నీళ్ళలో దిగాడని మా ఇంట్లో చెప్పుకుంటారు. ఆ రోజుల్లో మనవాళ్ళు చచ్చిన గొడ్డును మేం తినం అన్నారు, జాతరలో డప్పు మేం కొట్టం అన్నారు. దానికి ఊళ్ళో పనులు పోగొట్టుకున్నారు. ఊరంతా ఒకవైపుంటే నిలబడ్డ మనుషులమ్మా వాళ్ళు! వాళ్ళ మునిమనవణ్ణి, నేను పప్పన్నం దగ్గర పడిపోయాను.

చిన్నప్పటి ముచ్చటే కదా అంటారేమో. 2009లో మా పెద్దాడి పెళ్ళి. అంతకుముందు ఇరవై ఏళ్ళు ఇదే మైకులో కట్నం పాపమని చెప్పాను, 1961 చట్టం కూడా చదివి వినిపించాను. సంబంధం కుదిరాక ఒక ఆదివారం గుడి మెట్ల దగ్గర చెప్పులు వేసుకుంటుంటే ఒక పెద్దాయన అడిగాడు, "ఎంతకి కుదిరింది మాష్టారూ?" అని. ఏమీ లేదండీ అన్నాను. ఆయన జాలిగా చూసి, "అబ్బాయిలో ఏమన్నా లోపమా?" అన్నాడు.

వారం తిరక్కుండా ఆడపిల్లవాళ్ళకి కబురు చేశాను. "మాకేమీ వద్దు, మీ అమ్మాయికి మీరేం పెట్టుకుంటారో మీ ఇష్టం" అని. ఆ మాటకి అర్థం తెలియనివాళ్ళు ఈ షామియానా కింద ఎవరూ లేరు. వాళ్ళు ఎకరం పొలం అమ్మారు. కారొచ్చింది. వెనకద్దం మీద "యెహోవా యీరే", అంటే దేవుడే చూసుకుంటాడని, స్టిక్కర్ అంటించాం. యెహోవా చూసుకున్నాడట! చూసుకున్నది మా వియ్యంకుడు.

తమ్ముళ్ళూ, అమ్మాయిలూ, ఇప్పుడు ఫోనులు దించారు, సంతోషం. ముందు వరుసలో పెద్దలు మాత్రం కిందకి చూస్తున్నారు. ఫరవాలేదు, నేనూ ఆ వరుసలోవాణ్ణే. ఇప్పటికీ హోటల్లో ప్రార్థన చేసుకోవాలంటే కళ్ళజోడు తీసి తుడుచుకుంటున్నట్టు నటిస్తాను. అదీ రెండు సెకన్లే.

పాస్టరు గారు వాచీ చూపిస్తున్నారు. ఒక్క మాట. భోజనాల దగ్గర ఒక టేబులుకి తెల్లగుడ్డ పరిచి "వీఐపీ" అని కాగితం అంటించారు. మిగతావాళ్ళకి చాపలు. ఆ కాగితం పొద్దున నేనే పీకేశాను. ఇదిగో, జేబులో ఉంది. అంటించినవాళ్ళకి కావాలంటే వచ్చి తీసుకోండి, నేను చాప మీద ఉంటాను.