పుస్తకమిచ్చి ఊరుకోని దాత

శ్రోతలకు నమస్కారం.

లైబ్రరీకి పుస్తకాలిచ్చేవాళ్ళు ఎక్కడైనా దొరుకుతారు. వాటికి బైండింగ్ చేయించడానికి, చెదలమందు కొట్టించడానికి, అక్కడ కూర్చునే మనిషికి జీతమివ్వడానికి డబ్బిచ్చేవాళ్ళే అరుదు. ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీకి ఈ సంగతి బాగా నష్టపోయాక గానీ తెలిసిరాలేదు.

15వ శతాబ్దంలో అయిదో హెన్రీ రాజు తమ్ముడు హంఫ్రీ ఆ యూనివర్సిటీకి 280కి పైగా చేతిరాత పుస్తకాలిచ్చాడు. ఇంగ్లండుకి అచ్చుయంత్రం ఇంకా రాని రోజులవి. ఒక్కో పుస్తకం ఒక్కో ఆస్తి. వాటికోసం కట్టిన గది 1488 నాటికి పూర్తయింది. ఆ తర్వాత డెబ్భై ఏళ్ళు కూడా నిలవలేదు. 1550లో రాజుగారి అధికారులు వచ్చి పాత మతం, అంటే కాథలిక్ మతం, వాసన తగిలిన పుస్తకాలన్నీ ఊడ్చేశారు. తిరిగి కొనుక్కుందామంటే యూనివర్సిటీ చేతిలో డబ్బు లేదు. 1556లో చివరికి బల్లలు కూడా అమ్మేశారు.

ఆ ఖాళీ గదిని తన ఖర్చుతో బాగుచేయిస్తానని 1598లో ఉత్తరం రాశాడు థామస్ బోడ్లీ. రాయబారిగా పనిచేసి రిటైరైన మనిషి. ఆయన పెళ్ళాడింది ఒక సంపన్న వర్తకుడి వితంతువుని. ఆ వర్తకుడు గడించింది చేపల వ్యాపారంలో. ఆ గదిలో ఆయన పేరుతో వెలిసి ఇంత పేరు తెచ్చుకున్న బోడ్లియన్ లైబ్రరీ పునాదిలో చేపల సొమ్ము ఉందంటే నాకెందుకో ముచ్చటేస్తుంది.

1602 నవంబరు 8న సుమారు 2,000 పుస్తకాలతో లైబ్రరీ తెరిచారు. బోడ్లీకి మనుషుల మనసు బాగా తెలుసు. దాతల పేర్లు రాయడానికి పెద్ద రిజిస్టరు ఒకటి చేయించి, వచ్చినవాళ్ళందరికీ కనబడేలా పెట్టించాడు. మన గుళ్ళో ఫ్యాను రెక్కల మీద దాత పేరు రాయించడం లాంటిదే! పేరు చూసినవాడు తనూ ఇస్తాడు. అంతకన్నా ముఖ్యమైనది ఇంకోటి చేశాడు: పొలాలు, ఇళ్ళు కొని, వాటి అద్దెలు లైబ్రరీ ఖర్చులకే చెందేలా రాసిచ్చాడు. హంఫ్రీకి తట్టనిది ఇదే.

1604లోనే చైనా పుస్తకాలు కూడా చేరాయి. చదవగలిగినవాళ్ళు ఆ ఊళ్ళో ఒక్కరూ లేరు. 1687లో షెన్ ఫుజోంగ్ అనే చైనా యువకుడు వచ్చాక గానీ ఏ పుస్తకం ఏమిటో తెలియలేదు. ఎనభై ఏళ్ళకు పైగా ఎవరికీ పనికిరాని పుస్తకాన్ని దాచి ఉంచాలంటే అద్దె డబ్బులు రావాల్సిందే.

1610లో లండన్ అచ్చువాళ్ళ సంఘం తాము వేసే ప్రతి పుస్తకం ఒక కాపీ ఉచితంగా ఇస్తామని ఒప్పుకుంది. అలా 1623లో అచ్చయిన షేక్‌స్పియర్ నాటకాల సంపుటమూ వచ్చింది. తర్వాత కొత్త ముద్రణ రాగానే పాతదెందుకని దాన్ని అమ్మేశారు! 1905లో ఒక విద్యార్థి తన ఇంట్లో ఉన్న పాత పుస్తకం తెచ్చి చూపిస్తే, బైండింగ్ చూసి అది తమదేనని గుర్తుపట్టారు. మేడమీదున్న జూలియట్‌తో కింద నిలబడ్డ రోమియో మాట్లాడే ఘట్టం దగ్గర పేజీలు మోచేతుల రాపిడికి బాగా అరిగిపోయి ఉన్నాయి. అంతలో అమెరికా నుంచి 3,000 పౌండ్లకు బేరం వచ్చింది. లైబ్రరీవాళ్ళు పత్రికల్లో విజ్ఞప్తి చేసి, పాత విద్యార్థుల దగ్గరా అభిమానుల దగ్గరా చందాలు పోగుచేసి, 1906లో అంత ధరా పెట్టి కొనుక్కున్నారు.

నాటకాల పుస్తకాల్ని లోపలికి రానివ్వొద్దని బోడ్లీ తన లైబ్రేరియన్‌కు ఉత్తరాల్లో గట్టిగానే చెప్పాడు. ఆయన మాట వినివుంటే ఆ 3,000 పౌండ్లు మిగిలేవి.

సెలవు.