టోపీలో గడ్డిపోచ

శ్రోతలకు నమస్కారం. పాతకాలపు యుద్ధంలో మనవాడెవరో, శత్రువెవరో సైనికులు ఎలా పోల్చుకునేవారో ఈరోజు చూద్దాం.

పదిహేడో శతాబ్దపు స్వీడన్ సైనికుడంటే మనకు బొమ్మల్లో కనిపించేది నీలం కోటు, పసుపు అంచు. ఆ జత సైన్యమంతటా కుదురుకున్నది పదకొండో కార్ల్ రాజు ఏలుబడిలో, 1680ల నాటికి. అంతకు యాభై అరవై ఏళ్ల ముందు పోలండ్‌తో పోరాడిన స్వీడన్ కాల్బలంలో పల్లెల నుంచి పట్టుకొచ్చిన రైతులే ఎక్కువ. వాళ్ల ఒంటి మీద ఉన్నది వాద్మల్ అనే ముతక ఉన్ని. నేసిన గుడ్డను తడిపి, తొక్కి, మన గొంగడిలా దట్టం చేస్తారు. అద్దకం వేయకపోతే గొర్రె రంగే దాని రంగు.

ఆ కాలపు స్వీడన్ రాజు గుస్తావ్ అడాల్ఫ్ దళాల్లో పసుపు రెజిమెంటు, నీలి రెజిమెంటు అని పేర్లున్న మాట నిజమే. ఆ రంగు జెండాది. కోటూ అదేనని లెక్కేసుకుంటే పొరబడతాం. ఒక తొట్టిలో అద్దిన నీలం ఇంకో తొట్టి నీలంతో కలవదు. పైగా నాలుగు వానలకు రెండూ వెలిసిపోతాయి.

అవతల పోలండ్ కాల్బలం, అంటే హైదుకులు, వాళ్లలోనూ చాలామందిది నీలమే! ఇక రెక్కల హుసార్లు, అంటే వీపున ఈకల రెక్కలు కట్టుకునే పోలండ్ రౌతుల సంగతి. ఒక్కో కులీనుడు తన వెంట కొద్దిమంది రౌతులను తెచ్చుకుంటాడు. వాళ్ల గుర్రాలు, బట్టలు ఆయన ఖర్చే కాబట్టి ఎవరి వేషం వారిది. దళానికంతా ఒకేలా ఉండేది బల్లేనికి కట్టిన పొడవాటి జెండాగుడ్డ. అదీ ఎంతసేపని? దాదాపు అయిదు మీటర్ల ఆ బల్లేన్ని తేలిక కోసం రెండు బద్దలుగా చేసి, లోపల డొల్ల తొలిచి, మళ్లీ అంటిస్తారు. గట్టిగా తగిలితే ఒక్క పోటుకే విరుగుతుంది. గుర్తు కూడా దాంతోపాటే నేలపాలు.

అందుకే మనవాళ్లను గుర్తుపట్టడానికి యుద్ధం రోజు పొద్దున్నే ఏదో ఒకటి తుంపి పెట్టుకునేవారు. 1631లో జర్మనీలోని బ్రైటెన్‌ఫెల్డ్ దగ్గర స్వీడన్ వాళ్లు టోపీల్లో పచ్చని రెమ్మలు గుచ్చుకున్నారు, శత్రువులు, అంటే వియన్నా నుంచి ఏలే జర్మన్ చక్రవర్తి పక్షం వాళ్లు, తెల్ల గుర్తులు పెట్టుకున్నారు. 1683లో వియన్నా దగ్గర తుర్కులతో పోరులో పోలండ్ వాళ్లు గడ్డితాళ్లు కట్టుకున్నారు. వాళ్ల దుస్తులు తుర్కుల దుస్తులకు దగ్గరగా ఉంటాయి మరి, మిత్రులైన జర్మన్లే కాల్చే ప్రమాదం ఉంది. రెమ్మతో చిక్కేమిటంటే అది గాలికి రాలుతుంది, శత్రువూ అలాంటిదే తుంపుకోగలడు. కాబట్టి అరిచి చెప్పే సంకేతపదం కూడా ఉండాలి. బ్రైటెన్‌ఫెల్డ్‌లో స్వీడన్ వాళ్లది "దేవుడు మనతో", చక్రవర్తి పక్షానిది "యేసు మరియ".

పొగమంచులో ఇవేవీ కనిపించవు. 1632 నవంబరులో, అదే చక్రవర్తి సైన్యంతో పోరులో, జర్మనీలోని ల్యూట్సెన్ దగ్గర గుస్తావ్ అడాల్ఫ్‌కు జరిగింది అదే. ఆయనకు దూరపు చూపు ఆనదు. పోలండ్ యుద్ధంలో 1627లో భుజం దగ్గర దిగిన తూటా వల్ల ఇనుప కవచం తొడగలేడు. దుప్పి జాతికి చెందిన ఎల్క్ తోలుతో కుట్టిన దళసరి కోటు ఒక్కటే వేసుకున్నాడు. అలాంటి తోలు కోట్లు రెండు పక్షాల రౌతులకూ ఉండేవి. మంచులో దారితప్పి శత్రు రౌతుల మధ్యకే వెళ్లి హతుడయ్యాడు. చంపినవాళ్లు కోటు ఒలుచుకుని వియన్నాకు పంపారు. 1920లో ఆస్ట్రియా దాన్ని తిరిగిచ్చింది. స్టాక్‌హోం రాజప్రాసాదంలోని మ్యూజియంలో ఇప్పటికీ ఉంది. తూటా పోయిన చోటా, కత్తి దిగిన చోటా తోలు చిల్లులు అలాగే తెరుచుకుని ఉన్నాయి.