ఒకే రౌటర్, రెండు ఫర్మ్‌వేర్లు: నెల తర్వాత ఏది ఉంచుకున్నాను?

నమస్తే అండీ. ముందే చెప్పేస్తా, ఈ రౌటర్ నేను కొన్నది కాదు. సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీలో షాపు నడిపే ఒకాయన నెల క్రితం చేతిలో పెట్టి, "వాడి చూడు, బాగుంటే చెప్పు, బాగోకపోయినా చెప్పు, డబ్బా మాత్రం తిరిగి తేవద్దు" అన్నారు. అంటే ఉప్పు తిన్నట్టే లెక్క. అది గుర్తు పెట్టుకునే మిగతాది వినండి.

ఇది జీఎల్ ఐనెట్ ఫ్లింట్ 2. వైఫై 6, రెండు 2.5 గిగాబిట్ పోర్టులు, 1 జీబీ ర్యామ్. స్పెసిఫికేషన్లు ఇప్పటికే పది వీడియోల్లో చూసుంటారు, వదిలేద్దాం. నాకున్న ప్రశ్న ఒక్కటే. కంపెనీ ఇచ్చిన ఫర్మ్‌వేర్, అంటే డబ్బా లోపల నడిచే సాఫ్ట్‌వేర్, అలాగే ఉంచుకోవాలా, పీకేసి రౌటర్ల కోసం ఉచితంగా దొరికే అసలు ఓపెన్ డబ్ల్యూఆర్‌టీ వేసుకోవాలా?

"అసలు" అని ఎందుకంటున్నానంటే, కంపెనీ ఫర్మ్‌వేర్ కూడా ఓపెన్ డబ్ల్యూఆర్‌టీ మీద కట్టిందే. పైన సెట్టింగ్స్ మార్చుకోవడానికి వాళ్ళ సొంత ప్యానెల్ తొడిగారు. ప్యానెల్ బాగుంది, కాదనను. ఇంటర్నెట్ రాకపోకల్ని రహస్యంగా నడిపే వైర్‌గార్డ్ వీపీఎన్ కావాలన్నా, ప్రకటనలు ఆపే అడ్‌గార్డ్ హోమ్ కావాలన్నా రెండు నొక్కుల పని. మొదటి రెండు వారాలు దాంతోనే గడిపాం. మా ఆవిడ వైఫై పాస్‌వర్డ్ తనే మార్చుకుంది, నన్ను అడగలేదు. నాకది కొంచెం బాధేసింది, అది వేరే విషయం.

మూడో ఆదివారం మార్చేశా. అప్‌గ్రేడ్ పేజీలో కొత్త ఫైలు ఎక్కించి, పాత సెట్టింగ్స్ ఉంచమనే టిక్ తీసేశా. రెండు నిమిషాల్లో మళ్ళీ లేచింది, కానీ ఫోన్‌లో వైఫై పేరు కనపడదు. మొదటిసారి చేసేవాళ్ళకి ఇక్కడే టెన్షన్. పాడైపోలేదండీ. ఓపెన్ డబ్ల్యూఆర్‌టీ కొత్తగా వేసినప్పుడు వైఫై ఆఫ్‌లోనే ఉంటుంది, పాస్‌వర్డ్ కూడా ఉండదు. ల్యాన్ కేబుల్‌తో ల్యాప్‌టాప్ తగిలించి, బ్రౌజర్‌లో రౌటర్ అడ్రస్ 192.168.1.1 తెరిచి, ముందు పాస్‌వర్డ్ పెట్టి, తర్వాత వైఫై ఆన్ చేయాలి.

అన్నీ చేశా. ఫోన్లు కనెక్ట్ అయ్యాయి. ఇంటర్నెట్ మాత్రం లేదు. కేబుల్ మార్చా, రీస్టార్ట్ చేశా, కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి పాట కూడా విన్నా. గంట పోయింది. తీరా చూస్తే గోడకి ఉన్న ఫైబర్ డబ్బా, అదే ఓఎన్‌టీ, దాని అడ్రస్ కూడా 192.168.1.1. ఒకే వీధిలో రెండు ఇళ్ళకి ఒకటే డోర్ నంబరైతే పోస్ట్‌మ్యాన్ ఏం చేస్తాడు? కంపెనీ ఫర్మ్‌వేర్ 192.168.8.1 వాడుతుంది కాబట్టి ఈ గొడవ అప్పుడు రాలేదు. రౌటర్ ల్యాన్ అడ్రస్ 192.168.10.1కి మార్చా, నిమిషంలో వచ్చింది. ఇన్నేళ్ళుగా ఇదే పని చేస్తున్నవాణ్ణి, సిగ్గేసింది.

ఇన్నేళ్ళు అంటే, నా మొదటిది సెకండ్ హ్యాండ్‌లో కొన్న లింక్‌సిస్ డబ్ల్యూఆర్‌టీ 54జీ. నీలం, నలుపు డబ్బా, వెనక రెండు యాంటెన్నాలు. అది 2002 చివర్లో వచ్చింది. లోపల నడిచేది లినక్స్ అనే ఓపెన్ సోర్స్ సిస్టమ్ అని కొందరు పట్టుకున్నారు. లినక్స్ వాడితే జీపీఎల్ లైసెన్స్ ప్రకారం సోర్స్ కోడ్ బయటపెట్టాలి కదా, 2003లో పెట్టారు. దాని మీదే 2004లో ఓపెన్ డబ్ల్యూఆర్‌టీ మొదలైంది. పేరులో డబ్ల్యూఆర్‌టీ ఆ రౌటర్‌దే.

సరే, అసలు కథకి వద్దాం. ఎస్‌క్యూఎం, అంటే రౌటర్‌లో డేటా వరసని అదుపులో పెట్టే సెట్టింగ్. దీని గురించి ఎక్కువ మాట్లాడతా, ఓపిక లేనివాళ్ళు కాస్త ముందుకి జరపండి.

మాది 100 ఎంబీపీఎస్ ప్లాన్. స్పీడ్ టెస్ట్ పెడితే ఎప్పుడూ 100 చూపిస్తుంది. కానీ సాయంత్రం ఆవిడ ఫోన్ పెళ్ళి ఫోటోలు బ్యాకప్ మొదలుపెట్టిందంటే, పక్క గదిలో నా మీటింగ్‌లో నా గొంతు ముక్కలైపోతుంది. పింగ్, అంటే మనం పంపింది వెళ్ళి జవాబు తిరిగి రావడానికి పట్టే టైము, మామూలుగా 12 మిల్లీసెకన్లు ఉండేది 280కి పోయేది. స్పీడ్ తగ్గలేదు, డేటా ఆగి నిలబడే వరస పెరిగింది. దీన్నే బఫర్‌బ్లోట్ అంటారు. జిమ్ గెట్టిస్ అనే ఇంజనీరు 2010 ప్రాంతంలో తన ఇంట్లోనే దీన్ని గమనించి, అందరికీ తెలిసేలా చేశాడు.

పిండి గిర్ని తెలుసుగా. ఒకాయన నాలుగు బస్తాల మిర్చి తెచ్చి ముందు నిలబడ్డాడు. వెనక ఒకావిడ చేతిలో కిలో బియ్యం. ఆవిడ పని నిమిషం, కానీ బస్తాలయ్యేదాకా ఆగాలి. నా మీటింగ్ ఆ కిలో బియ్యం. ఎస్‌క్యూఎంలో ఉండే కేక్ అనే పద్ధతి ఏం చేస్తుందంటే, బస్తాలాయనకి ఒక డబ్బా, ఆవిడకి ఒక డబ్బా, మళ్ళీ ఆయనకి ఒకటి, ఇలా వంతులు వేస్తుంది. 2018లో ఇది లినక్స్‌కి గుండెలాంటి కెర్నల్‌లోనే చేరిపోయింది.

సెట్టింగ్‌లో కిటుకు ఒకటుంది. అప్‌లోడ్, డౌన్‌లోడ్ రెండూ ప్లాన్ స్పీడు కంటే కొంచెం తక్కువ పెట్టాలి. నేను 90 పెట్టా. తక్కువెందుకంటే, పూర్తి 100 వదిలితే వరస ఆపరేటర్ డబ్బాలో ఏర్పడుతుంది, అక్కడ మన మాట చెల్లదు. 90 పెడితే వరస మన రౌటర్‌లోనే నిలబడుతుంది. పెట్టి, అదే బ్యాకప్ నడుస్తుండగా పింగ్ చూశా. 19, 21, 18. నేనే నమ్మక మూడుసార్లు చూశా.

ఎస్‌క్యూఎం వేస్తే పనంతా ప్రాసెసర్ మీద పడుతుంది. అందుకే పాత చిన్న రౌటర్లు దీంతో చతికిలపడతాయి. ఈ డబ్బాకి మా 100 లైనుతో చెమట కూడా పట్టలేదు.

"కంపెనీ ఫర్మ్‌వేర్‌లోనూ ఆ ఎస్‌క్యూఎం ప్యాకేజీ వేసుకోవచ్చుగా?" అంటారు. వేసుకోవచ్చు. నాకు పాత దెబ్బ ఒకటుంది. ఇంతకుముందు వాడిన రౌటర్, పేరొద్దు, రెండేళ్ళకే అప్‌డేట్లు ఆపేసింది. పైగా సెట్టింగ్స్ తెరవాలంటే యాప్, యాప్‌లో అకౌంట్. నా ఇంట్లో నా గోడకున్న డబ్బా తెరవడానికి ఎక్కడో ఉన్న సర్వర్‌లో లాగిన్ అవ్వాలా? ఆ కోపం ఇంకా చల్లారలేదు. నా తీర్పులో సగం ఆ కోపమే, ఒప్పుకుంటా.

కాబట్టి నా ఇంట్లో ఓపెన్ డబ్ల్యూఆర్‌టీనే. తెనాలిలో అమ్మావాళ్ళింట్లో మాత్రం కంపెనీ ఫర్మ్‌వేర్ ముట్టుకోలేదు. అక్కడ ఏదైనా ఆగితే అమ్మ ఫోన్ చేసి "ఎర్ర లైటు వస్తోందిరా" అంటుంది, నేను "పక్కనున్న బటన్ నొక్కమ్మా" అంటా. 192.168.1.1 గురించి అమ్మకి ఫోన్‌లో చెప్పే ధైర్యం నాకు లేదు.

చెడిపోతుందేమోనని భయపడేవాళ్ళకి ఒక మాట. ఫ్లింట్ 2లో రీసెట్ బటన్ నొక్కి పట్టుకుని పవర్ ఇస్తే రికవరీ పేజీ వస్తుంది, అక్కడ ఫర్మ్‌వేర్ మళ్ళీ ఎక్కించొచ్చు. మీ దగ్గర వేరే రౌటర్ ఉంటే ముందు ఓపెన్ డబ్ల్యూఆర్‌టీ సైట్‌లో మోడల్ మాత్రమే కాదు, అడుగున స్టిక్కర్ మీద ఉండే వెర్షన్ కూడా సరిచూసుకోండి. ఒకే పేరుతో లోపల వేరే చిప్ పెట్టి అమ్ముతుంటారు. బ్రాడ్‌కామ్ వైఫై చిప్ ఉన్నవైతే అసలు ప్రయత్నించకండి.

ఇంకొకటి. ఓఎన్‌టీని బ్రిడ్జ్ మోడ్‌లో, అంటే అది రౌటర్ పని చేయకుండా లైన్‌ని నేరుగా మన రౌటర్‌కి వదిలేసేలా, పెట్టమని మీ ఆపరేటర్‌ని అడిగితే ఏమన్నారో కింద కామెంట్లో రాయండి. నాతో అయితే "సార్, రీస్టార్ట్ చేసి చూశారా?" అన్నారు.